కుక్కల్లో బ్రూసెల్లోసిస్: నెగెటివ్ రిపోర్టుని నమ్మేముందు చేయాల్సిన పనులు

“బ్రూసెల్లా టెస్ట్ అయిపోయిందండీ, నెగెటివ్” అని మగకుక్క యజమాని అనగానే మనలో చాలామందిమి సరే అనేసి క్రాసింగ్‌కి రోజు చూసుకుంటాం. ఆ రిపోర్టు కాగితం ఓసారి చేతిలోకి తీసుకోండి. ఏ పరీక్ష చేశారు, ఏ యాంటిజెన్‌తో (పరీక్షలో ఎరగా వాడే క్రిమి పదార్థం) చేశారు, రక్తం ఏ తేదీన తీశారు? ఈ మూడింట్లో ఒక్కదానికి సరైన జవాబు లేకపోయినా ఆ నెగెటివ్‌కి విలువ లేనట్టే. విశాఖలో కుక్కల్ని పెంచేవాళ్లకీ, చిన్నచిన్న కెన్నెల్స్ నడిపేవాళ్లకీ, బ్రూసెల్లా అనే బ్యాక్టీరియాతో వచ్చే ఈ అంటుజబ్బు నిర్ధారణ మెట్టుమెట్టుగా ఎలా చేయించుకోవాలో చెప్పడమే ఇక్కడ పని. వైద్యం మీ డాక్టర్ గారిది. ఏం అడగాలో తెలుసుకోవడం మాత్రం మనది.

ముందుగా, ఏ క్రిమితో పని?

కుక్కకి ప్రధానంగా సోకేది బ్రూసెల్లా కేనిస్. 1966లో అమెరికాలో వరసగా కడుపులు పోతున్న బీగిల్ కుక్కల్లో లీలాండ్ కార్మైకేల్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని పట్టుకున్నాడు. దీని చుట్టం బ్రూసెల్లా అబార్టస్ మన పాడి రైతులకి కొత్తేం కాదు. ఆవులూ గేదెలూ నెలలు నిండకుండా ఈసుకుపోయే జబ్బు దానిదే. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల పెయ్యలకి వేస్తున్న టీకా కూడా దానికోసమే. కుక్కలకి మాత్రం బ్రూసెల్లా టీకా లేదు. పెయ్యల టీకాని కుక్కకి వేయించే ఆలోచన పెట్టుకోవద్దు.

అబార్టస్ కుక్కకీ సోకుతుంది. మేకల్లో, గొర్రెల్లో ఉండే మెలిటెన్సిస్, పందుల్లో ఉండే సూయిస్ కూడా సోకుతాయి. పెందుర్తి, ఆనందపురం, భీమిలి వైపు పాడి ఉన్న ఇళ్లలో గేదె ఈనినచోట మావిని కుక్క లాక్కెళ్లినా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కాచని పాలు పోయడం, మాంసం కొట్టు వెనక పారేసిన పచ్చి ముక్కలు తినడం కూడా దారులే. ఎంవీపీ కాలనీలో నాలుగో అంతస్తులో పెరిగే కుక్కకి ఆ దారులు తక్కువ. దానికి జబ్బు వచ్చేది ఎక్కువగా క్రాసింగ్ వల్లో, కొత్తగా తెచ్చిన కుక్క వల్లో. అందుకని కుక్క ఎక్కడ పెరిగింది, ఏం తింటుంది, ఎవరితో జతకట్టింది అన్నది డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పాలి. ఏ పరీక్ష రాయాలో తేలేది అక్కడే.

మొదటి మెట్టు: అనుమానించడం

ఈ జబ్బులో జ్వరం దాదాపు ఉండదు. కుక్క తింటుంది, ఆడుతుంది, తోక ఊపుతుంది. అందుకే దొరకదు.

ఆడకుక్కలో అసలు గుర్తు కడుపు పోవడం, అదీ చివరి దశలో. క్రాసింగ్ నుంచి ఈత దాకా సుమారు 63 రోజులనుకుంటే, 45 నుంచి 59 రోజుల మధ్య పైకి ఆరోగ్యంగా ఉన్న కుక్క పిల్లల్ని పారేసిందంటే వేరే కారణాలు వెతికేముందు బ్రూసెల్లా సంగతి తేల్చాలి. ఆ తర్వాత గోధుమరంగులోనో, ఆకుపచ్చ కలిసిన బూడిదరంగులోనో స్రావం వారాల తరబడి కారుతుంది. ఇక్కడో చిక్కుంది: పారేసిన పిల్లల్నీ మావినీ కుక్క తనే తినేస్తుంది. పొద్దున్న లేచి చూస్తే పొట్ట తగ్గి ఉంటుంది, గుడ్డ మీద ఓ మరక తప్ప ఇంకేం కనిపించదు. “అది ఉత్తుత్తి కడుపేనేమో” అనుకుని ఊరుకుంటారు. ఇంకా ముందే, రెండు మూడు వారాల్లోపే పిండాలు చచ్చిపోతే అసలు క్రాసింగే నిలవలేదనుకుంటారు. ఒకే ఆడకుక్కకి రెండుసార్లు నిలవకపోయినా, ఒకే మగకుక్కతో కట్టించిన వేర్వేరు ఆడకుక్కలకి నిలవకపోయినా ఈ పరీక్ష రాయించుకోండి. కొన్నిసార్లు నెలలు నిండాకే ఈనుతుంది, కానీ పిల్లలు చచ్చి పుడతాయి, లేదా పుట్టిన కొద్ది గంటల్లో పోతాయి. బతికి బట్టకట్టిన పిల్లలు కూడా జబ్బు మోస్తూ ఉండొచ్చు.

మగకుక్కలో మొదట వాచేది వృషణం వెనకుండే ఎపిడిడిమిస్ అనే గొట్టం. నొప్పికి కుక్క అక్కడ నాకుతూనే ఉంటుంది, సంచి తోలు పుండు పడుతుంది, యజమాని దాన్ని చర్మవ్యాధి అనుకుని పూతమందు రాస్తాడు. నెలలు గడిచాక వాపు పోయి ఒకవైపు వృషణం చిన్నదైపోతుంది. అప్పటికి వీర్యకణాల్లో చాలావరకు వంకరలే.

పిల్లల సంగతితో సంబంధం లేని రెండు గుర్తులున్నాయి. ఒకటి వెన్నుపూసల మధ్య చీము: నిన్నటిదాకా సోఫా మీదికి గెంతిన కుక్క ఇవాళ గెంతనంటుంది, నడుం ముట్టుకుంటే మూలుగుతుంది. ఎక్స్‌రేలో మార్పు కనపడడానికి కొన్ని వారాలు పట్టొచ్చు కాబట్టి మొదటి ఎక్స్‌రే బాగుందని వదిలేయకూడదు. రెండోది ఒక కన్ను ఎర్రబడి మసకబారడం. ఆపరేషన్ అయిపోయిన కుక్కలోనూ ఈ రెండూ రావచ్చు. పునరుత్పత్తి అవయవాలు తీసేశాం కదా, ఇక బ్రూసెల్లా ఉండదనుకోవడం తప్పు.

రెండో మెట్టు: కడుపు పోయిన పూట

అన్నిటికంటే ప్రమాదం ఇక్కడే. ఈ స్రావంలోనూ మావిలోనూ క్రిముల సంఖ్య ఊహకందదు, ఒక మిల్లీలీటరులోనే కోట్ల కొద్దీ ఉంటాయి. మిగతా కుక్కలకి ముక్కు ద్వారా, నోటి ద్వారా, కళ్ల ద్వారా అంటుకుంటుంది. మనకీ అంతే. పిల్లల్ని, గర్భిణుల్ని, క్యాన్సర్‌కో మరోదానికో మందులు వాడుతూ రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లని ఆ గది వైపు రానివ్వొద్దు.

చేతికి గ్లవ్స్, ముక్కుకి మాస్క్, ఉంటే కళ్లజోడు. చచ్చిన పిల్లనీ దొరికిన మావి ముక్కనీ శుభ్రమైన జిప్ కవర్‌లో పెట్టి, దాన్ని మరో కవర్‌లో పెట్టి ఫ్రిజ్‌లో కాకుండా ఐస్ ప్యాక్‌లున్న థర్మకోల్ డబ్బాలో ఉంచండి. కూరగాయలున్న ఫ్రిజ్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఫినాయిల్‌తో కడగడం, ఫార్మలిన్‌లో వేయడం కూడా వద్దు. క్రిమి చచ్చిపోతే ల్యాబ్ పెంచి చూడడానికి ఏమీ మిగలదు.

నమూనా పక్కన పెట్టాకే శుభ్రం. నేలమీద ఉన్నదాన్ని నీళ్లు కొట్టి చిమ్మకండి, తుంపర లేస్తుంది. ముందు పాత గుడ్డతోనో పేపర్‌తోనో ఒత్తి తీసి కవర్‌లో వేసి, తర్వాత 1 శాతం సోడియం హైపోక్లోరైట్ పోసి పది పదిహేను నిమిషాలు ఆగి తుడవండి. మురికి తీయకుండా బ్లీచ్ పోస్తే అది సగం కూడా పనిచేయదు. బాత్‌రూం కడిగే యాసిడ్‌ని బ్లీచ్‌తో కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఎండ తగిలి ఆరిపోయే చోట ఈ క్రిమి ఎక్కువసేపు బతకదు గానీ, తడిగా నీడగా ఉండే మూలల్లో చాన్నాళ్లు ఉంటుంది. మన సముద్రపు గాలి చెమ్మకి వానాకాలంలో కెన్నెల్ నేల ఆరనే ఆరదు. కాబట్టి ఆరబెట్టడం కూడా శుభ్రంలో భాగమే. మిగిలిన వ్యర్థాన్ని మున్సిపాలిటీ చెత్తబండిలో వేయకుండా క్లినిక్‌కి ఇచ్చి ఆసుపత్రి వ్యర్థాల పసుపు కవర్‌లో పోయేలా చూడండి. స్థలం ఉన్నవాళ్లు సున్నం వేసి లోతుగా పూడ్చొచ్చు.

మూడో మెట్టు: మందుకంటే ముందు నమూనా

విశాఖ లాంటి చోట దీని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడి వేడికీ చెమ్మకీ పిడుదులు (టిక్స్) ఏడాది పొడుగునా ఉంటాయి, పిడుదుల జ్వరం (టిక్ ఫీవర్) అనగానే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలవుతుంది. ఆ మందే బ్రూసెల్లాకి కూడా వాడతారు. అది ఒక్కటే వాడితే బ్రూసెల్లా పోదు, రక్తంలోంచి మాత్రం తాత్కాలికంగా తగ్గుతుంది. అప్పుడు కల్చర్ (క్రిమిని ల్యాబులో పెంచి చూడడం) పెట్టినా, పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) చేసినా నెగెటివ్ రావడానికే అవకాశం ఎక్కువ. కుక్కకి గత కొద్ది వారాల్లో ఏ యాంటీబయాటిక్ వాడినా పేరూ తేదీలతో సహా డాక్టర్‌కి చెప్పండి. కడుపు పోయిన కుక్క స్థిమితంగా ఉంటే, నమూనాలు తీశాకే మందు మొదలుపెట్టమని అడగండి. నీరసించిపోయి ప్రాణం మీదికొస్తే అది వేరు, అప్పుడు వైద్యమే ముందు.

నాలుగో మెట్టు: ఏమేం తీయించాలి

ఒక్క ట్యూబు రక్తంతో పని అవదు. యాంటీబాడీ (క్రిమి మీద ఒంట్లో పుట్టే రక్షణ ప్రొటీన్) పరీక్షకి ఏ మందూ కలపని ఎర్రమూత ట్యూబులో రక్తం, పీసీఆర్‌కి రక్తం గడ్డకట్టనివ్వని ఊదామూత ఈడీటీఏ ట్యూబు, కల్చర్‌కి వేరే బ్లడ్ కల్చర్ బాటిల్. ఎర్రమూత ట్యూబుని అరగంట నుంచి గంటసేపు కదపకుండా నిలబెట్టి గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేలిన సీరం వేరే ట్యూబులోకి తీయాలి. సీరం లేత గడ్డిరంగులో ఉండాలి. గులాబీరంగులోకి తిరిగిందంటే ఎర్రకణాలు పగిలాయన్నమాట, అలాంటి సీరంతో పలక మీద చేసే పరీక్షలో లేని పాజిటివ్ కనపడొచ్చు. సన్న సూదితో బలవంతంగా లాగడం, ట్యూబుని గట్టిగా ఊపడం, మే నెల మధ్యాహ్నం బండి డిక్కీలో పెట్టి ఊరంతా తిరగడం, కణాలు పగలడానికి ఇవి చాలు.

ఆడకుక్కలో యోని స్వాబ్, మగకుక్కలో వీర్యం లేదా మూత్రం, వాచిన లింఫు గ్రంథి ఉంటే దాంట్లోంచి సూదితో తీసిన పదార్థం కూడా పీసీఆర్‌కీ కల్చర్‌కీ పనికొస్తాయి. క్రిమి రక్తంలో ఎప్పుడూ ఒకేలా ఉండదు. సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో రక్తంలోకి వచ్చి నెలల తరబడి ఉంటుంది, తర్వాత వస్తూపోతూ ఉంటుంది. అందుకే కల్చర్‌కి 24 గంటల తేడాతో మూడుసార్లు రక్తం తీస్తే దొరికే అవకాశం పెరుగుతుంది.

బయటి ఊరి ల్యాబ్‌కి కొరియర్‌లోనో ఆర్టీసీ కార్గోలోనో పంపేటప్పుడు సీరాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉంచి మూడు పొరల ప్యాకింగ్‌లో పంపాలి. శుక్రవారం సాయంత్రం పంపితే అది ఆదివారమంతా ఏదో గోడౌన్‌లో పడుంటుంది, సోమవారమో మంగళవారమో పంపడం మేలు. ప్యాకెట్ మీదా ఫారం మీదా “బ్రూసెల్లా అనుమానం” అని స్పష్టంగా రాయించండి. ప్రపంచవ్యాప్తంగా ల్యాబ్ సిబ్బందికి పనిలో అంటుకునే జబ్బుల్లో బ్రూసెల్లోసిస్ ముందువరసలో ఉంది. చెప్పకుండా పంపితే ఎవరో మామూలు బల్లమీద ప్లేటు మూత తీసి వాసన చూస్తారు. అది మన పాపమే.

ఐదో మెట్టు: ఏ పరీక్ష

మన పక్క పశువుల ల్యాబులో సులువుగా దొరికేది రోజ్ బెంగాల్ ప్లేట్ టెస్ట్ (ఆర్‌బీపీటీ). చవక, నాలుగు నిమిషాల పని. దాంట్లో వాడేది బ్రూసెల్లా అబార్టస్ యాంటిజెన్. అబార్టస్, మెలిటెన్సిస్, సూయిస్ క్రిముల పైపొర మీద చక్కెర గొలుసులుంటాయి, ఈ పరీక్ష పట్టుకునేది వాటిమీద తయారైన యాంటీబాడీలనే. బ్రూసెల్లా కేనిస్ పైపొరకి ఆ గొలుసులే లేవు. అంటే కేనిస్ నిండా ఉన్న కుక్క సీరం వేసినా రోజ్ బెంగాల్ నెగెటివే చూపిస్తుంది. పరీక్ష చెడిపోయిందని కాదు, అది వెతికేదే వేరు. కుక్క రిపోర్టులో “ఆర్‌బీపీటీ: నెగెటివ్” అని ఉండి ఇంకేమీ లేకపోతే, అది పశువుల నుంచి వచ్చే బ్రూసెల్లా గురించి మాత్రమే చెబుతోంది. కేనిస్ ఉందో లేదో ఆ కాగితానికి తెలియదు.

కేనిస్‌కి తగిన తొలి పరీక్ష ర్యాపిడ్ స్లైడ్ అగ్లుటినేషన్. దీన్ని కేనిస్ యాంటిజెన్‌తో గానీ, దానిలాగే గొలుసుల్లేని బ్రూసెల్లా ఓవిస్ యాంటిజెన్‌తో గానీ చేస్తారు. గాజు పలక మీద ఓ చుక్క సీరం, పక్కన గులాబీరంగు యాంటిజెన్ చుక్క, పుల్లతో కలిపి రెండు నిమిషాలపాటు పలకని మెల్లగా అటూ ఇటూ వంచుతూ దీపం కింద చూస్తారు. యాంటీబాడీ ఉంటే నునుపుగా ఉన్న గులాబీ నీరు రవ్వరవ్వగా విరుగుతుంది, లేకపోతే అలాగే పాలలా ఉండిపోతుంది. ఈ పరీక్ష నిజమైన రోగిని పెద్దగా వదలదు, రోగం లేనిదాన్ని మాత్రం చాలాసార్లు పట్టేస్తుంది. బోర్డెటెల్లా, సూడోమోనాస్ లాంటి వేరే బ్యాక్టీరియా మీద పుట్టిన యాంటీబాడీలు కూడా దీంట్లో రవ్వకడతాయి. పాజిటివ్‌లలో సగం దాకా అసలైనవి కాకపోవచ్చు. అందుకే పాజిటివ్ రాగానే అదే సీరానికి 2-మెర్కాప్టో ఇథనాల్ కలిపి మళ్లీ చేస్తారు. అది సోకగానే మొదట పుట్టే, అడ్డదిడ్డంగా అతుక్కునే ఐజీఎం యాంటీబాడీలని విరగ్గొడుతుంది. అప్పుడూ రవ్వకడితే అనుమానం బలపడినట్టు.

దీని తర్వాత ట్యూబ్ అగ్లుటినేషన్. ఇది యాంటీబాడీ ఎంతుందో అంకెల్లో చెబుతుంది, ఆ అంకెనే టైటర్ అంటారు. అది 1:200 (అంటే సీరాన్ని 200 వంతులకి పలచన చేసినా రవ్వకట్టడం) గానీ అంతకు మించి గానీ ఉంటే ప్రస్తుతం ఇన్‌ఫెక్షన్ ఉందనే లెక్క. నమ్మదగ్గ నిర్ధారణ పరీక్షగా చెప్పుకునేది క్రిమి లోపలి ప్రొటీన్‌తో జెల్‌లో చేసే యాంటీబాడీ పరీక్ష ఏజీఐడీ. తప్పుడు పాజిటివ్‌లు చాలా తక్కువ, కాకపోతే ఆలస్యంగా పాజిటివ్ అవుతుంది, ప్రతి ల్యాబులోనూ దొరకదు. ఎలీసా (ఇంకో రకం యాంటీబాడీ పరీక్ష) కిట్ అని చెబితే మళ్లీ అదే ప్రశ్న: ఏ యాంటిజెన్?

క్రిమిని పెంచి చూపించే కల్చర్‌కి సాటి ఇంకోటి లేదు. నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి నెగెటివ్ అనడానికి నెల దాకా ఆగాలి, సరైన భద్రత ఉన్న ల్యాబ్‌లోనే చేయాలి. పీసీఆర్ తొందరగా తేలుతుంది, యాంటీబాడీలు ఇంకా పుట్టని తొలి వారాల్లోనూ దొరకొచ్చు. పాజిటివ్ వస్తే విలువైన సాక్ష్యం, నెగెటివ్ వస్తే ఆ రోజు ఆ నమూనాలో దొరకలేదని మాత్రమే అర్థం.

నగరంలోని క్లినిక్‌లో ఇవన్నీ ఉండవు, ఉండాల్సిన పనీ లేదు. విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కాలేజీ మనకి దగ్గర. అక్కడికైనా, ప్రైవేటు ల్యాబ్‌కైనా నమూనా పంపేముందు మీ డాక్టర్ చేత ఫోన్ చేయించి “కుక్కకి, కేనిస్ యాంటిజెన్‌తో చేస్తారా, పీసీఆర్ ఉందా” అని అడిగించండి. బెంగళూరులోని నివేదీ (పశువ్యాధుల పరిశోధన సంస్థ), ఉత్తరప్రదేశ్ ఇజ్జత్‌నగర్‌లోని ఐవీఆర్ఐ (పశువైద్య పరిశోధన సంస్థ) బ్రూసెల్లా మీద పనిచేసే జాతీయ సంస్థలు. కెన్నెల్ మొత్తానికి వ్యాపించినప్పుడు డాక్టర్ ద్వారా వాటిని సంప్రదించొచ్చు.

ఆరో మెట్టు: రిపోర్టు చదవడం

అంతా కేనిస్ యాంటిజెన్‌తోనే చేశారనుకుందాం. తేదీ చూడండి. యాంటీబాడీ పరీక్షలకి అందేంత మోతాదు తయారవడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. క్రాసింగ్ అయిన మూడో వారంలో తీసిన రక్తం నెగెటివ్ అంటే ఏమీ తేలనట్టే. కడుపు పోయిన రోజున నెగెటివ్ వచ్చినా 8 వారాల తర్వాత మళ్లీ తీయించాలి, ఆలోగా ఆ కుక్కని వేరుగా ఉంచాలి.

స్లైడ్ పాజిటివ్, 2-మెర్కాప్టో ఇథనాల్ తర్వాత నెగెటివ్: కంగారు వద్దు. పొరపాటు పాజిటివ్ కావచ్చు, లేదా కొత్తగా సోకి ఇంకా ఐజీఎం దశలోనే ఉండొచ్చు. నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ పరీక్ష, వీలైతే ఇప్పుడే పీసీఆర్. రెండూ పాజిటివ్, గుర్తులూ ఉన్నాయి: దాదాపు ఖాయం, అయినా కల్చరో పీసీఆరో ఏజీఐడీయో చేయించాకే పెద్ద నిర్ణయాలు. ఒక్క స్లైడ్ పాజిటివ్ చూసి కుక్కని వదిలించుకోవడం అన్యాయం. యాంటీబాడీలన్నీ నెగెటివ్, పీసీఆర్ పాజిటివ్: తొలి దశ అనుకుని పాజిటివ్‌గానే చూసుకోండి. ఇక చాలా ఏళ్లుగా మోస్తున్న ముసలి మగకుక్కల్లో టైటర్ పడిపోయి తక్కువ అంకె దగ్గర ఊగిసలాడుతుంది. అక్కడ అంకెకంటే చరిత్ర ఎక్కువ చెబుతుంది.

బ్రూసెల్లా కాదని తేలితే కుక్కల హెర్పిస్ వైరస్, లెప్టోస్పైరా, ఈ.కోలై, మైకోప్లాస్మా, ప్రొజెస్టిరాన్ తగ్గడం లాంటివి చూడాలి. దాచిన పిల్ల, మావి ముక్క వాటికీ పనికొస్తాయి.

ఏడో మెట్టు: పాజిటివ్ తేలాక

ఈ క్రిమి ఒంట్లోని కణాల లోపలే దాక్కుంటుంది. వారాలపాటు రెండు మూడు యాంటీబయాటిక్స్ కలిపి వాడినా కొన్ని కుక్కల్లో నెలల తర్వాత తిరగబెడుతుంది. వైద్యం పూర్తయ్యాక నెగెటివ్ వచ్చినా ఆ కుక్కతో మళ్లీ క్రాసింగ్ చేయించకూడదు. ఈ మాట దగ్గర రాజీ పడే పెంపకందారుల వల్లే జబ్బు ఇంటింటికీ తిరుగుతోంది. స్టడ్‌కి (క్రాసింగ్ కోసం ఉంచిన మగకుక్కకి) పెట్టిన డబ్బు పోయిందన్న బాధ అర్థమవుతుంది, అయినా అంతే. ఆపరేషన్ చేయించి, మందు వాడి, పెంపుడు కుక్కగా ఉంచుకోవచ్చు, కొన్ని నెలలకోసారి పరీక్షలు చేయిస్తూ ఉండాలి. ఆపరేషన్ చేసే డాక్టర్‌కి ముందే చెప్పాలి. తీసిన వృషణాలనో గర్భసంచినో పారేయకుండా కల్చర్‌కి పంపితే, రక్తంలో దొరకనిది అక్కడ దొరకొచ్చు.

మగకుక్క వీర్యంలోనే కాదు, మూత్రంలోనూ క్రిమిని వదులుతుంది. దాన్ని మిగతావాటి గిన్నెలకీ పడకకీ దూరంగా కట్టాలి, దాని చోటు చివర కడగాలి. ఇంట్లో ఇంకా కుక్కలుంటే అన్నిటికీ పరీక్ష. కెన్నెల్ అయితే రాకపోకలూ అమ్మకాలూ ఆపేసి నెలకోసారి అన్నిటికీ పరీక్ష చేస్తూ, పాజిటివ్‌లని వేరుచేస్తూ, వరసగా మూడు నెలలు ఒక్కటీ పాజిటివ్ రాకపోతేనే మళ్లీ తెరవాలి. కొత్తగా కొన్న కుక్కని 8 వారాలు విడిగా ఉంచి, రాగానే ఒకసారి, ఆ గడువు చివర ఒకసారి పరీక్ష. ఆడకుక్కకయితే ఎదకి రావడానికి మూడు నాలుగు వారాల ముందే తీయించుకుంటే ఎద రోజుల్లో హడావుడి ఉండదు.

ఎనిమిదో మెట్టు: మీ సంగతి

కుక్క ఈనేటప్పుడు చేతులు పెట్టినవాళ్లకి, కెన్నెల్ పనివాళ్లకి కొన్ని వారాలకో నెలలకో వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, కీళ్లనొప్పులు, నడుంనొప్పి ఉంటే కేజీహెచ్ (విశాఖ ప్రభుత్వాసుపత్రి)‌కో మీ ఫిజీషియన్ దగ్గరికో వెళ్లి మొదటి మాటగా కుక్క రిపోర్టు చూపించండి. మనుషులకి మామూలుగా చేసే బ్రూసెల్లా రక్తపరీక్ష కూడా అబార్టస్ యాంటిజెన్‌దే, కేనిస్‌ని పట్టుకోదు. టైఫాయిడ్ కాదు, మలేరియా కాదు, బ్రూసెల్లా కూడా నెగెటివే అంటూ నెలలు దొర్లిపోతాయి. “మా కుక్కకి కేనిస్ తేలింది, నాకు బ్లడ్ కల్చర్ పెట్టి ఎక్కువ రోజులు ఉంచమని ల్యాబ్‌కి చెప్పండి డాక్టర్ గారూ” అని అడగండి.